దట్టమైన అడవిలో కయోటీ వేటకు ఏ తుపాకీ? షాట్‌గనా, రైఫిలా? (జార్జియా)

#1 మేకలదొడ్డి | ఉత్తర జార్జియా

అందరికీ నమస్కారం. ఒక్క తుపాకీకే డబ్బుంది, అందుకే కొనేముందు అడుగుతున్నాను. మొత్తం 900 డాలర్లు, తూటాలతో సహా.

స్థలం 18 ఎకరాలు. ముందు రెండెకరాల్లో మేకల దొడ్డి, వెనక అంతా లాబ్‌లాలీ పైన్, స్వీట్‌గమ్. కింద ప్రివెట్ పొదలు, గ్రీన్‌బ్రయర్ ముళ్లతీగ. ఎటు చూసినా 40 గజాలు దాటి కనపడదు. మధ్యలో పాత కలప లారీల బాట ఒకటుంది, 120 గజాల దాకా తిన్నగా పోతుంది. తూర్పు హద్దు నుంచి 300 గజాల్లో ఇళ్లు. నేల దాదాపు చదును.

కయోటీలు (నక్కలాంటి అమెరికా అడవి జంతువులు) తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ దొడ్డి దాకా వస్తున్నాయి. కంచె సరిచేశాను, కాపలా కుక్క ఉంది. వీసా హెచ్-1బీ. .223 రైఫిల్ కొనాలా, 12 గేజ్ షాట్‌గన్ కొనాలా?

#2 పైన్‌నీడ | అలబామా

మేకలదొడ్డి గారూ, మీ ప్రశ్నలోనే జవాబుంది. 40 గజాలు దాటి కనపడదన్నారు కదా, అయితే ఒక్క తూటాతో చాలా గుళ్లు వదిలే 12 గేజ్ షాట్‌గన్.

పొదల్లో కయోటీ నిలబడి కనిపించేది రెండు మూడు సెకన్లు. అదీ కదులుతూ, రెండు చెట్ల సందున. ఆ వ్యవధిలో రైఫిల్ స్కోప్‌లో జంతువును వెతికి పట్టుకోవడం కష్టం. షాట్‌గన్ భుజానికెత్తడం, చూడటం, కాల్చడం ఒకే కదలిక. పైగా మనం వినిపించే జంతువు అరుపు విని వచ్చే కయోటీ గాలివాలు వైపు, అంటే వాసన పట్టే దిక్కుకు, చుట్టు తిరుగుతుంది. మీరు ఎదురుచూడని దిక్కున 15 గజాల్లో ప్రత్యక్షమవుతుంది.

పంప్ షాట్‌గన్ (ముందు పిడిని వెనక్కి లాగి తోస్తే తూటా మారేది) చాలు. మాస్‌బర్గ్ 500 గానీ రెమింగ్టన్ 870 గానీ, 3 అంగుళాల గది (తూటా కూర్చునే చోటు) ఉన్నది. మూడున్నర అంగుళాల తూటా అక్కర్లేదు, భుజం నొప్పి తప్ప ఈ దూరంలో దానివల్ల వచ్చేదేమీ లేదు. బ్యారెల్ 24 అంగుళాలదైతే మంచిది. 28 అంగుళాలదైతే మొత్తం పొడవు 47 అంగుళాలు దాటి, చెట్టుకు ఆనుకుని కూర్చుని తిప్పేటప్పుడు కొమ్మలకు తగులుతుంది.

పొడవు ఎక్కువైందని రంపం పట్టొద్దు. షాట్‌గన్ బ్యారెల్ 18 అంగుళాలకు, రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గితే ముందే నమోదు, అనుమతి ఉండాలి. లేకపోతే ఫెడరల్ నేరం.

#3 పాలమూరు_టు_టల్సా | ఓక్లహోమా

పైన్‌నీడ అన్నా, నేను ఒప్పుకోను. 120 గజాల బాట ఉందంటున్నడు గదా. షాట్‌గన్ పట్టుకుని కూసుంటే 60 గజాల కాడ నిలబడ్డ కయోటీని ఊరికె చూసుడే అయితది.

.223 రెమింగ్టన్, 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా, బ్యారెల్ మూతి దగ్గర సెకనుకు 3,200 అడుగుల వేగం. 20 గజాలకైనా, 200 గజాలకైనా పనిజేస్తది. తన్నుడు తక్కువ, తూటా చౌక, చౌక గనుక సాధన ఎక్కువ జేస్తవు. రూజర్ అమెరికన్ రాంచ్ చూడు తమ్ముడూ. బోల్ట్ రైఫిల్, బ్యారెల్ 16 అంగుళాల పైన కొంచెం, బరువు ఆరు పౌన్ల చిల్లర. అడివిల తిప్పడానికి అలకగుంటది. ఏఆర్-15 (సెమీ ఆటోమేటిక్ రైఫిల్) అయితే రెండో దెబ్బ జల్ది వస్తది గానీ, స్కోప్ కలిపితే నీ బడ్జెట్‌ల ఇరుకైతది.

.22-250, .243 ఈ అడివికి వద్దు. మంచి తూటాలే, కానీ వాటి బలమంతా 250 గజాల అవతల. ఆ మైదానం నీకు లేదు.

#4 గురికాగితం | పెన్సిల్వేనియా

రెండు వాదనలూ సరైనవే, కానీ పొదల సంగతి ఎవరూ చెప్పలేదు.

బరువైన తూటా పొదల్ని చీల్చుకుని తిన్నగా పోతుందని చాలామంది నమ్ముతారు. .30-30 రైఫిల్ తూటాకు ఆ పేరు అలాగే వచ్చింది. నిజానికి ఏ తూటా అయినా పుల్లకు తగిలితే పక్కకు మళ్లుతుంది. ఎంత మళ్లుతుందనే దానికన్నా, పుల్ల ఎక్కడుందనేది ముఖ్యం. తూటా ఒక్క డిగ్రీ మళ్లిందనుకోండి. పుల్ల కయోటీకి 2 గజాల ముందుంటే దెబ్బ అంగుళంన్నర లోపే తప్పుతుంది. అదే పుల్ల 30 గజాల ముందు, అంటే మీ ముక్కు కిందే ఉంటే, 19 అంగుళాలు తప్పుతుంది. పలచటి పొర ఉన్న .223 తూటాలైతే కొన్నిసార్లు పుల్ల దగ్గరే పగిలిపోతాయి.

ఏఆర్ రైఫిల్‌లో ఇంకో చిక్కు. చూపు గీత బ్యారెల్ కన్నా సుమారు 2.6 అంగుళాలు ఎత్తులో ఉంటుంది. స్కోప్‌లో దారి శుభ్రంగా కనిపిస్తుంది, కింద బ్యారెల్ మూతి ముందు మాత్రం తీగ అడ్డుంటుంది. కూర్చోగానే మూతి ముందు రెండు మూడు గజాల మేర పుల్లలు చేతికత్తెరతో కత్తిరించి తీరాలి. కొమ్మ కత్తెర లేకుండా పొదల్లోకి రైఫిల్ తీసుకెళ్లొద్దు.

షాట్‌గన్‌కు కూడా పొద అడ్డే. కాకపోతే ఒక తూటాలోని 41 గుళ్లలో ఆరేడు పుల్లలకు తగిలినా మిగతావి వెళ్తాయి.

#5 రూల్‌బుక్ | టెక్సస్

తుపాకీ రకం కన్నా ముందు హెచ్-1బీ సంగతి తేల్చుకోండి. ఇది ఇక్కడ చదివే చాలామందికి వర్తిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫెడరల్ చట్టం 18 యూఎస్‌సీ 922(జీ)(5) ప్రకారం నాన్‌ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శక వీసా అన్నీ ఇందులోకే వస్తాయి. 922(వై)(2)లో మినహాయింపులున్నాయి. మనకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం.

ఇక్కడ మేకలదొడ్డి గారు పడగల గొయ్యి ఒకటుంది. జార్జియాలో సొంత భూమిలో వేటాడే రాష్ట్ర నివాసికి వేట లైసెన్సు అక్కర్లేదు. ఆ మాట నమ్మి లైసెన్సు తీసుకోకపోతే రాష్ట్ర చట్టం ఏమీ అనదు గానీ ఫెడరల్ చట్టం కింద మీరు నేరస్థులవుతారు, ఎందుకంటే మినహాయింపు ఆ కాగితం మీదే నిలబడి ఉంది. కాబట్టి అవసరం లేకపోయినా లైసెన్సు కొనండి.

వరుస ఇది: మొదట వేటగాళ్ల శిక్షణ కోర్సు (జార్జియాలో 1961 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవారికి తప్పనిసరి). తరవాత వేట లైసెన్సు. ఆ తరవాతే దుకాణం. అక్కడ నింపే ఏటీఎఫ్ (ఫెడరల్ తుపాకుల శాఖ) ఫారం 4473లో మీ ఐ-94 (దేశ ప్రవేశ రికార్డు) నంబరు రాయాలి, లైసెన్సు నకలు జతచేయాలి. ఫొటో గుర్తింపు కార్డు మీద ఇప్పటి చిరునామా ఉండాలి, లేదా ఆ చిరునామా ఉన్న ఇంకో ప్రభుత్వ పత్రం తోడుగా చూపాలి. ఇల్లు మారి కార్డు మార్చుకోకపోవడం వల్లే కౌంటర్ దగ్గర ఎక్కువమంది ఆగిపోతారు.

లైసెన్సు గడువు ముగిసిన రోజు నుంచి ఇంట్లో ఉన్న తుపాకీయే నేరం. ముగియడానికి నెల ముందే ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. భార్య హెచ్-4 మీద ఉంటే ఆమెకూ విడిగా లైసెన్సు ఉండాలి, లేకపోతే తుపాకీ పెట్టె తాళంచెవి ఆమెకు అందుబాటులో ఉండకూడదు. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల విషయంలోనూ అంతే. లైసెన్సు లేకుండా స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో సరదాగా పట్టుకోవడం కూడా ఇదే నిషేధం కిందికి వస్తుంది.

గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నవారు మాత్రం సొంతంగా అర్థం చెప్పుకోకుండా ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. ఇందులో పొరపాటు చేస్తే పోయేది తుపాకీ ఒక్కటే కాదు, దేశంలో ఉండే హక్కు.

#6 మేకలదొడ్డి | ఉత్తర జార్జియా

రూల్‌బుక్ గారూ, సొంత భూమి కదా అని లైసెన్సు సంగతే ఆలోచించలేదు. కోర్సుకు ఈరోజే పేరు నమోదు చేశాను.

షాట్‌గన్ వైపు మొగ్గుతున్నాను. కానీ తూటాల పేర్లు చూస్తే తల తిరుగుతోంది. డబుల్ ఆట్, నంబర్ 4 బక్, బీబీ, టీ. ఏది? చోక్ ఏది?

#7 గురికాగితం | పెన్సిల్వేనియా

గుళ్ల సైజు దగ్గర మొదలుపెడదాం. డబుల్ ఆట్ గుండు వ్యాసం 0.33 అంగుళం. నంబర్ 4 బక్ 0.24. టీ 0.20. బీబీ 0.18.

కయోటీ గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు 5 అంగుళాల వలయం అనుకోండి. ఒళ్లంతా బొచ్చు కాబట్టి జంతువు పెద్దదిగా కనిపిస్తుంది. తూర్పు రాష్ట్రాల్లో పెద్దది 35, 40 పౌన్లు తూగుతుంది, కానీ తగలాల్సిన చోటు మాత్రం సాసరంత.

ఇప్పుడు లెక్క చూడండి. 40 గజాల్లో గుళ్లన్నీ 20 అంగుళాల వలయంలో సమానంగా పడ్డాయనుకుందాం. 5 అంగుళాల వలయం వైశాల్యం అందులో పదహారో వంతు. మామూలు రెండు ముప్పావు అంగుళాల డబుల్ ఆట్ తూటాలో గుళ్లు 9. అంటే ఆయువుపట్టులో పడేది సగటున సగం గుండు. 3 అంగుళాల తూటాలో 15 గుళ్లున్నా ఒకటి పడటం అదృష్టం. 3 అంగుళాల నంబర్ 4 బక్‌లో 41 గుళ్లుంటాయి, సగటున రెండున్నర పడతాయి. అందుకే కయోటీకి డబుల్ ఆట్ వద్దంటాను. అది జింకకు, అదీ దగ్గర్లో.

బీబీ సీసం తూటా 30 గజాల లోపల పనిచేస్తుంది. బీబీ స్టీలు బాతుల తూటా, కయోటీకి చాలదు. స్టీలు సాంద్రత 7.8, సీసం 11.3. అదే సైజు స్టీలు గుండు తేలిక కాబట్టి త్వరగా వేగం పోగొట్టుకుంటుంది, బొచ్చు, చర్మం, పక్కటెముక దాటేసరికి సత్తా ఉండదు. దెబ్బతిన్న జంతువు పొదల్లోకి పోయి చస్తుంది. అలా జరగకూడదు.

టంగ్‌స్టన్ కలిపిన టీ సైజు గుళ్లు ఈ పనికే చేసినవి. హెవీ-షాట్ వారి డెడ్ కయోటీ ఆ రకం. సాంద్రత 12 దగ్గర, సీసం కన్నా కొంచెం ఎక్కువ. గుండు చిన్నది కాబట్టి సంఖ్య ఎక్కువ, బరువైనది కాబట్టి లోపలికి దిగుతుంది. ఖరీదు మాత్రం బక్‌షాట్‌కు (డబుల్ ఆట్, నంబర్ 4 బక్ లాంటి పెద్ద సీసపు గుళ్లకు) ఎన్నో రెట్లు. సాధనకు కాదు, వేటకు మాత్రమే వాడుకోండి.

చోక్ విషయం. గుళ్లు చెదరకుండా బ్యారెల్ మూతిలో మరతో బిగించే చిన్న గొట్టం అది. 12 గేజ్ బ్యారెల్ లోపలి వ్యాసం 0.729 అంగుళం. మాడిఫైడ్ చోక్ దాన్ని సుమారు 0.020 బిగిస్తుంది, ఫుల్ 0.035. టర్కీ వేటకు అమ్మే, లోపలి వ్యాసం 0.660 అంగుళమే ఉండే చోక్ బక్‌షాట్‌కు వాడొద్దు. పెద్ద సీసపు గుళ్లు అంత ఇరుకులో ఒకదాన్నొకటి నొక్కుకుని సొట్టలు పడతాయి, సొట్టపడిన గుండు పక్కకు ఎగిరిపోతుంది. బిగువు పెంచితే గుళ్ల గుత్తి విడిపోవడం వింతగా అనిపిస్తుంది గానీ కాగితం మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఇంప్రూవ్డ్ మాడిఫైడ్, ఫుల్ రెండూ పెట్టి చూడండి. టంగ్‌స్టన్ గుళ్లు గట్టివి, ఆ తూటా పెట్టె మీద ఏ చోక్ దాకా అని రాసుంటుందో అంతకు మించొద్దు. పెద్ద స్టీలు గుళ్లు ఫుల్ చోక్‌లో వేస్తే బ్యారెల్ మూతి ఉబ్బుతుంది.

చోక్ కొనేటప్పుడు మర చూసుకోండి. మాస్‌బర్గ్ 500 మర, పాత వించెస్టర్ విన్‌చోక్ మర ఒకటే. మాస్‌బర్గ్ 835ది వేరే, దాని బ్యారెల్ 10 గేజ్ అంత వెడల్పు. రెమింగ్టన్‌ది ఇంకో రకం. ఒకదాని చోక్ ఇంకోదాంట్లో సగం బిగిసి ఆగినట్టు ఉంటే కాల్చొద్దు.

#8 కృష్ణాతీరం | న్యూజెర్సీ

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. .22 మాగ్నమ్ లాంటి చిన్న రైఫిల్ సరిపోదా? .17 హెచ్‌ఎంఆర్? చప్పుడు తక్కువ, ఇళ్లు దగ్గరున్న చోట మేలు కదా.

#9 పైన్‌నీడ | అలబామా

సరిపోదు. .17 హెచ్‌ఎంఆర్ తూటా 17 గ్రెయిన్లు, మూతి దగ్గర శక్తి 245 అడుగు-పౌన్లు. .223 శక్తి దాదాపు 1,280. భుజం ఎముకకు తగిలితే .17 పైపైనే పగిలిపోతుంది. .22 మాగ్నమ్ 40 గ్రెయిన్ల తూటా 50 గజాల లోపల, కయోటీ అడ్డంగా కదలకుండా నిలబడి ఉంటే ఊపిరితిత్తుల్లో వేయొచ్చు. అన్ని షరతులు పొదల్లో ఎప్పుడు కుదురుతాయి? .22 ఎల్‌ఆర్ మాట అసలే వద్దు.

పైగా కొన్ని రాష్ట్రాల్లో కయోటీకి ఏ కాలిబర్ వాడాలో, ఎంత సైజు గుళ్లు దాటకూడదో చట్టమే చెబుతుంది. న్యూజెర్సీ నియమాలు జార్జియా కన్నా చాలా బిగువు. ఆ ఏటి వేట నియమాల పుస్తకం చూడకుండా ఏమీ కొనకండి.

#10 గురికాగితం | పెన్సిల్వేనియా

చప్పుడు తక్కువైతే ఇళ్లకు మేలన్నారు. చప్పుడు కాదు, తప్పిన తూటా ఎంత దూరం పోతుందన్నది చూడాలి.

గుండ్రటి గుళ్లకు జూర్నే సూత్రమని పాత లెక్క ఒకటుంది. గుండు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని 2,200తో గుణిస్తే గరిష్ఠ దూరం గజాల్లో వస్తుంది. బీబీ సుమారు 400 గజాలు, నంబర్ 4 బక్ 530, డబుల్ ఆట్ 725. బుల్లి .22 ఎల్‌ఆర్ మైలున్నర దాకా పోగలదు. .223 అంతకన్నా ఎక్కువ.

మేకలదొడ్డి గారి నేల చదును, తూర్పున 300 గజాల్లో ఇళ్లు. కాబట్టి ఏ తుపాకీ అయినా తూర్పుకు గురిపెట్టే స్థానంలో కూర్చోకూడదు. బక్‌షాట్ కూడా ఆ ఇళ్ల దాకా పోతుంది. 8, 10 అడుగుల ఎత్తున్న మంచె మీద కూర్చుంటే గురి కిందికి వాలుతుంది, తప్పిన తూటా 40, 50 గజాల్లో మట్టిలో దిగుతుంది. చదును నేలకు అదే పెద్ద రక్షణ. మంచె ఎక్కేటప్పుడు తుపాకీ ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కోండి, భుజానికి వేసుకుని ఎక్కొద్దు. నడుముకు పట్టీ కట్టుకోండి.

జార్జియాలో ప్రజా రహదారికి 50 గజాల లోపల కాల్చడం నేరం. అదీ కొలుచుకోండి.

#11 పాలమూరు_టు_టల్సా | ఓక్లహోమా

ఇండ్లు 300 గజాల కాడ ఉన్నయని మొదటి పోస్టుల సరిగ్గ సూడలే. గా చదును జాగల .223 మొదటి తుపాకీగ కొనమన్న నా మాట వాపస్ తీసుకుంటున్న. మంచె మీద కూసుండి బాట పొంట ఉత్తరం దిక్కో, దక్షిణం దిక్కో కాలుస్తనంటే అప్పుడు రైఫిల్.

తూటాల మీద ఒక పెద్ద జాగ్రత్త, ఇది ప్రాణం మీది మాట. .300 బ్లాకౌట్ తూటా .223 మ్యాగజీన్‌లనే పడతది. కొన్నిసార్లు .223 గదిల కూడ ఎక్కి కూసుంటది. ట్రిగ్గర్ గుంజితే .30 తూటా .22 సందులకెళ్లి పోలేక తుపాకీ పేలుతది. రెండు రకాలు ఇంట్ల ఉంటే మ్యాగజీన్లకు వేరే రంగు టేపు వేయి. 5.56 అని ముద్రున్న తూటాను, .223 అని మాత్రమే రాసున్న బ్యారెల్‌ల కాల్చొద్దు, ఒత్తిడి ఎక్కువైతది.

షాట్‌గన్‌ల కూడ ఇట్లాంటిదే ఉంది. 20 గేజ్ తూటా 12 గేజ్ బ్యారెల్‌ల జారి మధ్యల ఇరుక్కుంటది. పేలలేదనుకుని వెనక 12 గేజ్ పెట్టి కాలిస్తే బ్యారెల్ పగులుతది. 20 గేజ్ తూటాలకు పసుపు రంగు అందుకే. ఒక జేబుల రెండు రకాలు ఎన్నడూ వేయకు.

#12 తూర్పుగాలి | నార్త్ కరోలినా

జార్జియాలో కయోటీకి ఏడాది పొడవునా వేట ఉంది, సంఖ్య పరిమితి లేదు. నార్త్ కరోలినా తూర్పు వైపు వేటకు వచ్చేవాళ్లు మాత్రం ఇది చదవాలి. బోఫర్ట్, డేర్, హైడ్, టిరెల్, వాషింగ్టన్ కౌంటీల్లో ఎర్ర తోడేళ్లు ఉన్నాయి. అడవిలో మిగిలినవి ప్రపంచం మొత్తం మీద అక్కడే. దూరం నుంచి కయోటీ లాగే ఉంటాయి, బరువు 45 నుంచి 80 పౌన్లు, చెవుల వెనక ఎరుపు, కాళ్లు పొడుగు. చాలావాటికి మెడలో నారింజ రంగు పట్టీ ఉంటుంది. పట్టీ లేనంత మాత్రాన కయోటీ అనుకోవద్దు. ఆ అయిదు కౌంటీల్లో కయోటీ వేటకు ప్రత్యేక అనుమతి కావాలి, రాత్రి వేట నిషేధం.

ఏ రాష్ట్రమైనా, షాట్‌గన్ చేతిలో ఉంటే కదలిక చూసి కాల్చే ప్రమాదం ఎక్కువ. పొదల్లో వచ్చేది పొరుగింటి జర్మన్ షెపర్డ్ కావచ్చు, నక్క కావచ్చు, నక్కకు వేరే సీజను. కయోటీ పరుగెత్తేటప్పుడు తోక కిందికి వేలాడుతుంది, మూతి సన్నగా ఉంటుంది. తల, మెడ, తోక మూడూ కనపడనిదే సేఫ్టీ (ట్రిగ్గర్‌ను ఆపే మీట) తీయకండి. జింకల తుపాకీ సీజనులో జార్జియాలో జింకల వేటగాళ్లకు నారింజ రంగు దుస్తులు నడుము పైన 500 చదరపు అంగుళాలు కనపడేలా ఉండాలి, ఆ రోజుల్లో కయోటీ వేటకు వెళ్లినా అలాగే వేసుకోండి. కయోటీ ఆ రంగును మనలా చూడదు, దానికి కనిపించేది కదలికే.

#13 నల్లగొండ_మిత్రుడు | తెలంగాణ

ఊళ్లో మేకల మందల మీద పడే గుంటనక్కలకు ఇదే షాట్‌గన్ పద్ధతి పనికొస్తుందా?

#14 రూల్‌బుక్ | టెక్సస్

వద్దు మిత్రమా. మన దేశంలో నక్క, గుంటనక్క, తోడేలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువులు. వాటిని వేటాడితే జైలు. రాత్రి మందకు గట్టి దడి, దీపం, మంచి కుక్క. మేక పోతే అటవీ శాఖకు వెంటనే చెప్పి, పరిహారం సంగతి అడగండి.

#15 పైన్‌నీడ | అలబామా

మేకలదొడ్డి గారు ఏ తుపాకీ కొన్నా, ఎక్కడ కూర్చుంటారన్నదే అది పనిచేస్తుందో లేదో తేలుస్తుంది. షాట్‌గన్‌తో కూర్చునే పద్ధతి వేరు.

గాలి పడమటి నుంచి వీస్తోందనుకోండి. అరుపుల పెట్టెను (జంతువుల అరుపులు వినిపించే స్పీకరును) మీకు పడమట, అంటే గాలి వచ్చే వైపు, 25 గజాల్లో పెట్టండి. కయోటీ ఆ పెట్టెకు గాలివాలు వైపు చుట్టు తిరుగుతుంది, అంటే మీ ముందు నుంచే పోతుంది. మీ వాసన పోయే దిక్కున మాత్రం మీకూ దానికీ మధ్య 30 గజాల ఖాళీ కనపడాలి, వాసన తగిలేలోపే కాల్చేలా. కానీ పడమటి గాలి ఉంటే మీ వాసన పోయేది తూర్పుకే, ఇళ్లున్నదీ తూర్పే. కాబట్టి ఆ రోజు మీ స్థలంలో వేట లేదు. ఉత్తరం గాలో దక్షిణం గాలో వచ్చే రోజులు ఎంచుకోండి.

వీపు వెనక భుజాల కన్నా వెడల్పైన చెట్టు. తుపాకీ మోకాలి మీద ముందే ఎక్కి ఉండాలి, కయోటీ కనపడ్డాక ఎత్తితే అది చూస్తుంది. శబ్దం మొదట తక్కువ, దట్టమైన చోట అది 100 గజాల్లోనే పడుకుని ఉండొచ్చు. ఒక్కో చోట 20 నుంచి 30 నిమిషాలు. తూర్పు కయోటీ పడమటి మైదానాల దానిలా పరుగెత్తుకు రాదు, ఆగి ఆగి వస్తుంది. తొందరపడి లేచేవాళ్లకు అది వెళ్లిపోతున్న వీపే కనిపిస్తుంది.

సేఫ్టీ టక్కుమనకుండా వేలితో పట్టి నెమ్మదిగా జరపడం ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన చేయండి. పంప్‌ను పూర్తిగా వెనక్కి లాగి పూర్తిగా ముందుకు తోయాలి. మందపాటి చేతితొడుగులతో సగమే లాగితే ఖాళీ తూటా ఇరుక్కుంటుంది, రెండో దెబ్బ ఉండదు.

చెవులకు ఎలక్ట్రానిక్ రక్షణ తప్పదు. చిన్న చప్పుళ్లు పెంచి వినిపిస్తుంది, ఎండుటాకుల మీద అడుగులు ముందే తెలుస్తాయి, తుపాకీ మోతను ఆపుతుంది.

#16 గురికాగితం | పెన్సిల్వేనియా

గురి సాధనం గురించి కొంచెం. షాట్‌గన్ బ్యారెల్ చివర పూస ఒక్కటే ఉంటే, ఉద్వేగంలో తల ఎత్తుతారు, దెబ్బ పైకి పోతుంది. ఫుల్ చోక్ గుత్తి 20 గజాల్లో పళ్లెమంతే ఉంటుంది, తల ఎత్తితే మొత్తం గుత్తి వీపు మీదుగా పోతుంది. షాట్‌గన్ చల్లుతుంది, గురి అక్కర్లేదనే మాట అబద్ధం. చిన్న రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే సాధనం) పెట్టించుకోండి, మీ బడ్జెట్‌లో వస్తుంది. బ్యాటరీ ఏటా మార్చండి.

రైఫిల్ కొనేవాళ్లకు: 4 రెట్ల స్కోప్‌లో 100 గజాల దగ్గర 30 అడుగుల వెడల్పు కనిపిస్తే, 25 గజాల దగ్గర ఏడెనిమిది అడుగులే. 9 రెట్లలో అయితే బొచ్చు తప్ప ఏమీ కనపడదు. 1 నుంచి 4 గానీ, 1 నుంచి 6 గానీ, ఎప్పుడూ అతి తక్కువలో ఉంచి కూర్చోవాలి. ఏఆర్‌ను 50 గజాలకు సరిచేస్తే 10 గజాల్లో తూటా రెండంగుళాలు కిందపడుతుంది. దగ్గర్లో కొంచెం పైకి పట్టాలి.

ఇక కాగితం పని. దీన్ని వదిలేస్తే పైన చెప్పినవన్నీ వృథా. మూడడుగుల చదరపు కాగితం, మధ్యలో చుక్క. మొదట 25 గజాల్లో మూడు దెబ్బలు, గుత్తి మధ్యభాగం చుక్క మీద ఉందో లేదో చూడండి. లేకపోతే డాట్ సరిచేయండి. తరవాత 30, 40 గజాల్లో ఒక్కో తూటా రకానికి, ఒక్కో చోక్‌కు మూడేసి దెబ్బలు, ప్రతి దెబ్బకూ కొత్త కాగితం. గుత్తి ఎక్కువ ఉన్నచోట 10 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టండి. ఆయువుపట్టు ఆ వలయంలో నాలుగో వంతు. 10 గుళ్లుంటే సగటున రెండు మూడు అందులో పడతాయి. మూడు దెబ్బల్లోనూ 10కి తగ్గని గరిష్ఠ దూరమే మీ తుపాకీ హద్దు. సగటు చూడొద్దు, మూడింట్లో తక్కువది చూడండి. దూరాన్ని అడుగులతో కాకుండా రేంజ్‌ఫైండర్‌తో కొలవండి.

రెండు ఒకే మోడల్ తుపాకులు, ఒకే పెట్టెలో తూటాలు, గుత్తులు మాత్రం వేరుగా వస్తాయి. అందుకే నా లెక్క మీకు పనికిరాదు, మీది నాకు పనికిరాదు.

#17 మేకలదొడ్డి | ఉత్తర జార్జియా

కోర్సు, లైసెన్సు, 4473 అన్నీ వరుసగా అయ్యాయి. మాస్‌బర్గ్ 500, 24 అంగుళాల బ్యారెల్, రెడ్ డాట్. కాగితం మీద లెక్క ఇది, 10 అంగుళాల వలయంలో గుళ్లు:

నంబర్ 4 బక్, 3 అంగుళాలు, ఫుల్ చోక్: 30 గజాల్లో 9, 12, 8. 40 గజాల్లో 4, 6, 3.
అదే తూటా, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్: 30 గజాల్లో 12, 11, 13. 40 గజాల్లో 6, 5, 7.
టంగ్‌స్టన్ టీ, ఇంప్రూవ్డ్ మాడిఫైడ్: 30 గజాల్లో 21, 19, 22. 40 గజాల్లో 13, 11, 14.

25 గజాల్లో గుత్తి చుక్కకు మూడంగుళాలు ఎడమకు పడింది, డాట్ సరిచేశాక మధ్యలోకి వచ్చింది.

#18 గురికాగితం | పెన్సిల్వేనియా

చక్కగా చేశారు. ఫుల్ చోక్ తీసి పెట్టెలో పెట్టండి, మీ బ్యారెల్ బక్‌షాట్‌ను నలుపుతోంది. ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ ఉంచండి. నంబర్ 4 బక్‌తో మీ హద్దు 30 గజాలు, టంగ్‌స్టన్‌తో 40. టంగ్‌స్టన్ 45లో కూడా చూడొచ్చు గానీ, 40లోనే తక్కువది 11 వచ్చింది, ఆ ఖరీదు తూటాలు దానికి తగలెయ్యకండి.

కూర్చునే చోటు నుంచి 40 గజాల్లో నాలుగు చెట్లకు, తూర్పు వదిలేసి, నడుమెత్తులో గుర్తు రిబ్బన్ కట్టండి. రిబ్బన్ అవతల ఉన్న కయోటీ ఎంత బాగా కనపడుతున్నా కాల్చొద్దు, పెట్టె మోగుతూనే ఉండనివ్వండి.

#19 పైన్‌నీడ | అలబామా

ఒక్కటి కలుపుతాను. దెబ్బ తగిలి పడిపోయాక వెంటనే పంప్ లాగి, నిమిషం పాటు డాట్ దాని మీదే ఉంచండి. లేచి పొదల్లోకి పోతే రెండో దెబ్బకు సమయం ఉండదు. జత కయోటీలు కలిసి వస్తాయి, మొదటిది పడ్డాక పెట్టె ఆపకండి, రెండోది కొద్ది నిమిషాల్లో తొంగిచూడొచ్చు. దగ్గరికి వెళ్లేటప్పుడు వీపు వైపు నుంచి వెళ్లి, పొడవాటి కర్రతో కన్ను తాకి చూశాకే ముట్టుకోండి. రబ్బరు చేతితొడుగులు తప్పనిసరి. గజ్జి పురుగు ఉంటుంది, రేబిస్ ఉండొచ్చు. మీ కాపలా కుక్కను కళేబరం దగ్గరికి రానివ్వకండి, దాని టీకాల తేదీ ఈ వారమే చూసుకోండి.

#20 మేకలదొడ్డి | ఉత్తర జార్జియా

రిబ్బన్లు కట్టాను. తూర్పు వైపు చెట్టుకు ఎరుపుది కట్టాను, అటు తుపాకీ తిప్పకూడదని గుర్తు. కుక్కకు రేబిస్ టీకా మార్చి దాకా ఉంది. దక్షిణం గాలి వచ్చే రోజు కోసం చూస్తున్నాను.